బదులు నిద్ర

ముప్ఫై ఎనిమిదో అప్పు సంవత్సరం, పడమటిగాలి నెల, మూడో నాడు

సూరి తాత ఈ రోజు లేని మెట్టు దిగబోయి పడిపోయాడు.

నేను చూస్తుండగానే జరిగింది. మధ్యాహ్నపు విడత ముగిసి జనం నిద్రశాలలోంచి బయటికొస్తున్నారు. తాత గడప దాటి, చదునుగా ఉన్న వాకిట్లో నాలుగడుగులు వేసి ఆగాడు. ఎడమచెయ్యి గాల్లోకి ఎత్తి, స్విచ్చి నొక్కినట్టు వేలితో నొక్కాడు. తర్వాత కుడికాలు జాగ్రత్తగా కిందికి చాపాడు. అక్కడ మెట్టు లేదు. మా ఉప్పుదిబ్బ మీద మెట్లున్న ఇల్లు ఒక్కటీ లేదు. బోర్లాపడ్డాడు, తుంటి విరిగింది. లేవదీస్తుంటే నొప్పి సంగతి కాదు, మెట్ల సంగతి అడిగాడు.

"మూడుండాల కదరా కొర్లయ్యా. ఎవుడు తీసీసినాడు?"

ఈ నెల రోజుల్లో ఇలా పడ్డవాళ్ళలో ఆయన ఆరోవాడు.

ఇవన్నీ ఎవరో ఒకరు రాసి పెట్టాలి. నిద్రకు వెళ్ళేవాళ్ళకు నిన్నటి మాట ఇవాళ నిలవదు. బోధకులకు మినహాయింపు ఉంది, నేను వెళ్ళను, కాబట్టి నేనే రాస్తున్నాను, ప్రసంగాల పుస్తకం వెనక పేజీల్లో. నా పేరు మైలపల్లి కొర్లయ్య. ఈ దిబ్బకు బోధకుణ్ణి. ఎవరూ నన్ను బోధకుడిగా నియమించలేదు, ఏ బడీ నాకు చదువు చెప్పలేదు. ఒడ్డు గ్రంథం ఒళ్ళో పెట్టుకుని అక్షరం పక్కన అక్షరం తడుముకుంటూ పదకొండేళ్ళకు చదవడం నేర్చాను, పాతికేళ్ళకు గ్రంథం మొత్తం కంఠస్థం చేశాను. మునిగిన ఊళ్ళలోంచి ఈది ఒడ్డెక్కిన తొలి మనుషులు చెప్పుకున్న మాటలవి. వాళ్ళు ఏడుస్తూ చెప్పారు. నేను అరుస్తూ చెబుతాను. అంతే తేడా.

మా తాతల కాలంలో సముద్రం మీదికొస్తే దేశం అప్పు చేసి కట్ట కట్టింది. కట్ట నిలిచింది. అప్పు కూడా నిలిచింది. నోట్లకు విలువ పోయాక అప్పిచ్చినవాళ్ళు తలలు అడిగారు. మనిషికి రోజుకు నాలుగు గంటలు, తడి టోపీ పెట్టుకుని, శాలలో మంచం మీద నిద్ర. మనం నిద్రపోతుంటే మన తల వాళ్ళ పని ఏదో చేస్తుంది. ఏం పనో ఎవరికీ తెలీదు. అందరికీ కలలో కనబడేది మాత్రం ఒకటే: ఒక ఇల్లు. గడప దాటగానే ఎడమ గోడ మీద స్విచ్చి, అక్కడ్నించి కిందికి మూడు మెట్లు, చివర వంటింటి తలుపు. తలుపు మూసి ఉంటుంది. లోపల ఎవరో నీళ్ళు పారబోస్తున్న చప్పుడు.

ఇప్పుడా ఇల్లు మెలకువలోకి వచ్చేసింది. దిబ్బ మొత్తం లేని స్విచ్చి కోసం ఎడమచెయ్యి ఎత్తుతోంది.

నా చెయ్యి ఎప్పుడూ లేవలేదు. వాక్యం నిండా ఉన్న తలలో వాళ్ళ ఇంటికి చోటుండదు. పోయిన కూడికలో ఇదే మాట అన్నాను, జనం తలలూపారు.


ఐదో నాడు

పైడమ్మ అన్నంలో ఉప్పు రెండుసార్లు వేసింది. నేను అలాగే తిన్నాను.

పైడమ్మ నా చెల్లెలు. నాకంటే ఆరేళ్ళు చిన్న. మొగుడు కట్ట పనిలో పోయాక నా ఇంటికి వచ్చేసింది. ఒకప్పుడు రేవులో చేపలమ్మితే అవతలి దిబ్బదాకా వినబడేది గొంతు. తూకంలో మోసం చేసే బేరగాణ్ణి ఒక్క మాటతో కూలబడేసేది. ఇప్పుడు ఇంట్లో నడుస్తుంటే నీడకు చీర కట్టినట్టుంటుంది.

రోజుకు రెండు విడతలు నిద్రపోతుంది. పొద్దుటి నాలుగు గంటలు తన పన్ను. మధ్యాహ్నం నాలుగు గంటలు బదులు నిద్ర. మేడదిబ్బ మీద ఉండే కలవారు తమ పన్నుకు తాము పడుకోరు. మనిషిని పెడతారు. చట్టం ఒప్పుకుంటుంది. ఇంతకంటే దుర్మార్గం ఏమిటంటే, అలిసిన తల సగం పనే చేస్తుందని అప్పిచ్చినవాళ్ళు బదులు నిద్రను సగానికే జమకట్టుకుంటారు. మిగతా సగం మళ్ళీ దేశం అప్పులోనే కలుస్తుంది. వాళ్ళు పడుకోని ప్రతి మధ్యాహ్నం మా అందరి నెత్తిన పెరుగుతోంది.

పైడమ్మ బదులు నిద్ర మేడదిబ్బ విశ్వంభరం గారింటికి. ఆ కూలితోనే మాకు బియ్యం. ఇది ఆమె చెప్పిన మాటే.

సాయంత్రం నా చాప పరుస్తూ ఆగి, పరాయి పెద్దమనిషిని అడిగినట్టు అడిగింది.

"మీరు ఏ గదిలో పడుకుంటారు బావూ?"

"పైడీ, నానే. మనకున్నది ఒక్క గది."

ఆమె ఎడమ గోడ వంక చూసింది. చెయ్యెత్తి నొక్కింది. మట్టి రాలింది. అక్కడ అరచెయ్యంత గుంట పడి ఉంది. ఎన్నాళ్ళుగా నొక్కుతోందో నేను గమనించలేదు.

"దీపం ఎలగనేదు," అంది, తప్పు తనదైనట్టు.

ఒక్క వేసవి ఇలాగే సాగితే ఈ మనిషిలో నా చెల్లెలు మిగలదు. ఇది నాకు ఇవాళ తెలిసింది.


ఏడో నాడు

కూడిక. మూడువందల మంది వచ్చారు. సగంమంది రెప్పలు వాలిపోతున్నాయి. వాళ్ళను లేపడానికి నా గొంతు తప్ప నా దగ్గర ఏముంది?

సొంత తల చట్టం సభ ముందుకు వస్తోంది. పన్నెండో నాడు పందొమ్మిది దిబ్బల పెద్దలు కూర్చుంటారు. చట్టం చెప్పేది మూడు ముక్కలు. ఎవరి పన్ను వాళ్ళ తలతోనే. మేడదిబ్బవాళ్ళకు నాలుగు కాదు, రోజుకు ఆరు గంటలు. ఇన్నాళ్ళూ మరొకరి తలతో గడిపిన గంటలన్నీ గడిపినవాళ్ళే తిరిగి పడుకోవాలి. ఆ మూడో ముక్క నేను పట్టుబట్టి చేర్పించింది. అన్ని దిబ్బలూ తిరిగి వేలిముద్రలు సేకరించాను, సభలో సాక్ష్యం చెప్పాల్సిందీ నేనే. ఇది జరిగితే ఇంకా డెబ్బై ఏళ్ళు సాగాల్సిన అప్పు ఇరవై రెండేళ్ళలో తీరుతుందని లెక్కలు తెలిసినవాళ్ళు తేల్చారు.

గ్రంథం తెరవలేదు. నాకు తెరవాల్సిన పని లేదు. నలభై రెండో ఒడ్డు, తొమ్మిదో మాట అందుకున్నాను: ఎత్తున నిలిచినవాడా, నీ కింద నేల ఉన్నదని అనుకొనకుము, నీ కింద మనుషులున్నారు.

"ఎవరా మనుషులు?" అన్నాను. "పేరు చెప్పమంటారా? మేడదిబ్బ విశ్వంభరం మధ్యాహ్నం పూట మెలకువగా కూర్చుని మామిడిపండు కోసుకుంటుంటే, ఆయన అప్పు మోస్తున్న తల నా ఇంట్లో ఉంది. నా చెల్లెలు మొన్న నన్ను బావూ అని పిలిచింది. నేను ఎవరో ఆమెకు తెలీదు. ఆమెకు తెలియాల్సినవన్నీ ఆ పెద్దమనిషి నిద్రలోకి పోయాయి. పొరుగువాడి వీపును బల్లగా వాడుకున్నవాడు తన సొంత మంచం మీద ఎలా పడుకుంటాడో నేను చూడాలి. ప్రతి గంటా వెనక్కి కట్టించాలి. ఒక్క గంట వదలొద్దు. బోధకుడైనా వదలొద్దు, పెద్దైనా వదలొద్దు."

ఆ చివరి మాట అలవాటుగా వచ్చేసింది.

రావులమ్మ ముందు వరసలో కూర్చుంది. రేవులో మంచు మర దగ్గర పనిచేస్తుంది. చెయ్యెత్తింది.

"బోధకుడు బావూ, మంచిదే. బదులు నిద్ర ఆగిపోతే మా బియ్యం మీరు పెడతారా?"

"తల మిగిలితే చేతులు పనిచేస్తాయి, రావులమ్మా."

"మీ చేతులు పనిసేయడం నానెప్పుడూ సూడనేదు," అంది. జనం నవ్వారు. నేనూ నవ్వాను. "మరో సంగతి. వాళ్ళు పడవెక్కి ఎలిపోతే? కట్ట మీద పంపులు నడిపీవోళ్ళు ఎవులు?"

"ఎక్కడికి పోతారు? బయట ఉన్నది సముద్రం."

ఆమె ఒప్పుకోలేదు. కానీ వేలిముద్ర వేసింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర, ఆమె, పక్కనున్న పదిమంది కలిసి ఎడమచేతులు పైకెత్తి ఒకేసారి గాలిని నొక్కారు. ఎవరూ గమనించుకోలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక నేను ఆ గుమ్మంలో నిలబడి చాలాసేపు వాక్యం చెప్పుకున్నాను.


తొమ్మిదో నాడు

విశ్వంభరం గారు స్వయంగా వచ్చారు.

పడవవాణ్ణి రేవులోనే ఉంచి, ఒక్కరే నడిచి వచ్చారు. అరవై దాటిన మనిషి, తెల్లటి లాల్చీ, చంకలో బట్ట చుట్టిన పుస్తకం. నేను ఊహించుకున్నంత లావుగా లేరు. మంచినీళ్ళు అడిగారు. పైడమ్మ శాలలో ఉంది, నేనే ఇచ్చాను.

"కూడికలో నా పేరు చెప్పారట," అన్నారు. "బాధపడ్డానని చెప్పడానికి రాలేదు. మామిడిపండు సంగతి నిజమే. నా కింద పదకొండుమంది బదులు మనుషులు ఉన్నారు, అదీ నిజమే. మా నాన్నగారు కట్టకి రాళ్ళు మోయించారు. మా పంపులు ఆగితే ఈ దిబ్బ మోకాల్లోతు నీళ్ళలో ఉంటుంది. మేం మెలకువగా ఉండటం దేశానికి అవసరం అనుకున్నాం. మీకు అది నచ్చదు. సరే."

"నచ్చడం కాదు. మీరు మెలకువగా ఉండటానికి నా చెల్లెలు..."

"అక్కడే పొరపాటు పడ్డారు." పుస్తకం విప్పి నా ముందు పెట్టారు. శాల రిజిస్టరు నకలు, ముద్రతో. "నా పదకొండుమందిలో మైలపల్లి పైడమ్మ లేదు. ఎప్పుడూ లేదు. ఎవరి పేరున పడుకుంటోందో మీరే చదవండి. చదువు సొంతంగా నేర్చుకున్నారని విన్నాను."

చదివాను. ఏడేళ్ళ పేజీలు. ప్రతి మధ్యాహ్నం పక్కన పైడమ్మ వేలిముద్ర. పన్ను ఎవరిదో రాసే గడిలో ఒకటే పేరు.

నా పేరు.

"బోధకుల మినహాయింపు ఏడేళ్ళ కిందట రద్దయింది," అన్నారాయన. గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. "మీకు తెలీదని ఇప్పుడు మీ ముఖం చూస్తే తెలుస్తోంది. వచ్చేటప్పుడు తెలిసే దాస్తున్నారనుకున్నాను. సరే. నేను అడగడానికి వచ్చింది ఒక్కటే. పన్నెండో నాడు మీరు సభకు రావద్దు. జ్వరం అనండి. మీ సాక్ష్యం లేకపోతే చట్టం నిలవదు. ఈ పుస్తకం నా పెట్టెలోనే ఉంటుంది. మీ చెల్లెల్ని నేను చూసుకుంటాను, వైద్యుణ్ణి పంపిస్తాను."

"సాక్ష్యం చెబితే?"

"మీరు చేర్పించిన మూడో ముక్క మీకూ వర్తిస్తుంది. ఏడేళ్ళ గంటలు." లేచి చెప్పులు వేసుకున్నారు. "నిద్రకు వెళ్ళినవాళ్ళ తలలో గ్రంథం ఎంత మిగులుతుందో మీకు నాకంటే బాగా తెలుసు."

ఆయన వెళ్ళాక శాలకు పరుగెత్తాను. గుమాస్తా చంద్రకాంతం గారు కిటికీ దగ్గర ఉన్నారు. అసలు రిజిస్టరు అడిగాను. ఆమె తియ్యలేదు.

"తియ్యాల్సిన పని లేదండీ. నిజమే."

"నాకెందుకు చెప్పలేదు?"

"రోజూ ఈ కిటికీ ముందునుంచే వెళ్తారు. శాలలో పడుకున్నవాళ్ళ గురించి అరుస్తూ వెళ్తారు. ఒక్కరోజు ఆగి, నా వాటా ఎవరు కడుతున్నారమ్మా అని అడిగారా?" అన్నారు. "మీ చెల్లెలు చెప్పొద్దని చేతులు పట్టుకుంది. నేను ఉద్యోగిని, నాకు జమ పడితే చాలు."

కిటికీలోంచి లోపల మంచాలు కనిపిస్తున్నాయి. నాలుగో వరసలో పైడమ్మ. తడి టోపీ కింద ముఖం, బండమీద ఆరేసిన గుడ్డలా ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఆమె అక్కడ పడుకున్నది నా కోసం. దేశం అప్పులో పెరిగిన ఆ సగం గంటలు నావి. ఏడేళ్ళు నేను మేడదిబ్బ వైపు చూపించిన వేలు నా వైపు తిరగాల్సింది.

నా చెయ్యి ఎందుకు లేవలేదో తెలిసింది. వాక్యం వల్ల కాదు.


పదో నాడు

తెల్లారాక అడిగాను. పైడమ్మ గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తోంది. మాకు బియ్యం తెస్తున్నది ఆ వలలేనని ఇప్పుడు అర్థమైంది. పొద్దున ఒక గడియసేపు ఆమె ఆమెలాగే ఉంటుంది. టోపీ పెట్టుకోవడానికి ముందు.

"పైడీ, రెండో ఇడత ఎవులిది?"

సూది ఆగలేదు. "ఎవులు సెప్పినారు?"

"ఇశ్వంబరం గారొచ్చినారు."

"పెద్ద మడిసి. నోరు మూసుకోనేకపోనాడు." దారం పంటితో తెంపింది. "ఉత్తరం వచ్చిన నాడు నువ్వు సేపలదిబ్బకి బోధకెల్లినావు. గుమాస్తమ్మ సదివి సెప్పినాది. మినాయింపు పోనాది, రేపట్నించి మీ అన్న పడుకోవాల అని. సూరి తాత ఒకప్పుడు మూడొందల పాటలు పాడీవోడు, నీకు గురుతున్నాదా? ఏడాది నిద్రకెల్లినాడు, ఒక్క పాట మిగలనేదు. నీ తల పోతే వాక్యం పోద్ది. దిబ్బంతటికీ ఒక్క తలైనా మిగలాలనుకున్నాను. నా తలలో ఏటున్నాది? ఉప్పూ, పప్పూ, సేపల దరా."

"నన్నడగొచ్చు కదే."

"అడిగితే నాను పోతానందువు. నేదంటే పోనందువు. ఏదన్నా నాను తట్టుకోనేను."

నేను పద్దెనిమిదేళ్ళుగా నోటితో బతుకుతున్నవాణ్ణి. ముప్ఫయ్యో ఒడ్డులో దీనికి సరిపోయే వాక్యం ఉంది. అది నాలుక మీదికి వచ్చింది. దాన్ని మింగేశాను. ఈమె ఏడేళ్ళు పోగొట్టుకుని నా కోసం దాచిన మాటల్నే తీసి ఈమె మీద కప్పడానికి సిగ్గేసింది.

"నువ్వు ఇంక పోవద్దు. నాను సభకెల్లి సెప్పేస్తాను."

"వాక్యం?"

"పోతే పోనీ. రాసిపెట్టున్నాది కదా."

"పుస్తకం ఉన్నాది. సదివీవోడుండాల," అంది. సూది మళ్ళీ ఆడించింది. రెండు కన్నులు వేసింది. తర్వాత తలెత్తి, మర్యాదగా, కొత్తవాణ్ణి పలకరించినట్టు పలకరించింది.

"మీదే దిబ్బ బావూ? లోపలికి రండి. మెట్లు జాగర్త."


పన్నెండో నాడు

సభ కట్ట మీది గిడ్డంగిలో జరిగింది. ఒకవైపు సముద్రం హోరు, ఒకవైపు పంపుల హోరు, మధ్యలో మనుషులు. మేడదిబ్బ పెద్దలు నీడలో, మిగతా అందరూ గోడ వెంబడి. విశ్వంభరం గారు నన్ను చూసి కళ్ళు దించుకున్నారు. చంకలో పుస్తకం ఉంది.

నేను నిద్రపోలేదు రాత్రంతా. గ్రంథం మొదటి ఒడ్డు నుంచి చివరి ఒడ్డు దాకా ఒక్కసారి చెప్పుకున్నాను. ఇదే ఆఖరిసారి కావచ్చని ఏ మాటనూ తొందరపెట్టలేదు.

పిలిచారు. నిలబడ్డాను.

"బదులు నిద్ర ఏం చేస్తుందో సాక్ష్యం చెప్పమని పిలిచారు. చెబుతాను. కట్ట మీద మీరంతా వెతుకుతున్న దొంగల పేర్లలో ఒక పేరు రాసుకోండి. మైలపల్లి కొర్లయ్య, ఉప్పుదిబ్బ, బోధకుడు. ఏడేళ్ళుగా నా పన్ను నేను కట్టలేదు. నా చెల్లెలి తలతో కట్టాను. పుస్తకం ఆ పెద్దమనిషి చేతిలో ఉంది, కావాలంటే తెరిపించండి."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడ వైపునుంచి మొదలైంది. ఎవరో "ఓరి దొంగ బోధకుడా" అన్నారు. రావులమ్మ లేచి నిలబడి నన్ను చూసింది, కూర్చుంది. అదే ఎక్కువ కాలింది.

చేపలదిబ్బ పెద్ద అడిగాడు: "నీకు తెలుసునా?"

"తెలీదు. తెలుసుకోలేదు. నేను రెండోదానికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను. నాకు మధ్యాహ్నాలు ఖాళీగా దొరికేవి. ఎవరు ఇస్తున్నారని అడగలేదు. మేడదిబ్బ మీద ఎవరూ అడగరు. అక్కడ మంచివాళ్ళు లేరని నేను అరిచాను, అది అబద్ధం. ఉన్నారు. అడగని మంచివాళ్ళు."

"చట్టం వస్తే మొదటి శిక్ష నీకే కదయ్యా."

"అందుకే నా మాట నమ్మండి. నాకు లాభముంటే నమ్మొద్దు. ఎక్కువ ఉన్నవాళ్ళు ఎక్కువ కట్టాలి, సొంత తలతో కట్టాలి, ఎగ్గొట్టింది తిరిగి కట్టాలి. నా దగ్గర ఏడేళ్ళ మెలకువ ఉంది. మీ అందరికంటే నేను కలవాణ్ణి. నా నుంచి మొదలుపెట్టండి."

విశ్వంభరం గారు మాట్లాడతారనుకున్నాను. లేచారు, పుస్తకం బల్ల మీద పెట్టారు. "ఆయన చెప్పింది నిజం. నేను చెప్పాలనుకున్నదంతా ఆయనే చెప్పేశారు," అని కూర్చున్నారు. ఆయన ఓటు మాత్రం వ్యతిరేకంగానే వేశారు.

పది దిబ్బలు అవునన్నాయి. తొమ్మిది కాదన్నాయి.

ఎవరూ కేకలు వేయలేదు. గెలిచినవాళ్ళు గుమ్మం దాటుతూ ఎడమచేతులు ఎత్తారు.


ఇరవై ఒకటో నాడు

చట్టం ఈ ఉదయం అమల్లోకి వచ్చింది. నాకు రోజుకు రెండు విడతలు, ఏడేళ్ళు. పైడమ్మ నా పేరున పడుకున్న గంటలు ఆమె పన్నుకే జమ, అన్నేళ్ళూ ఆమెకు శాల లేదు. సభ అయిన మరునాటినుంచే చంద్రకాంతం గారు ఆమె మంచం ఖాళీ రాశారు. ఈ ఎనిమిది రోజులూ ఆమె ఎక్కువసేపు మామూలు నిద్రే పోయింది, తన సొంత నిద్ర. నిన్న అన్నంలో ఉప్పు సరిపోయింది.

శాలలో మేడదిబ్బవాళ్ళకు, నాకు కలిపి ఒక వరస. పట్టు పంచెలవాళ్ళు నులకమంచాల మీద ఎలా కూర్చోవాలో తెలీక అంచులమీద కూర్చున్నారు. రావులమ్మ అటుగా పోతూ ఒకాయన దుప్పటి సర్ది, "బయపడకండి బావూ, ఓసారి అలవాటైతే లేవబుద్ధి కాదు," అంది. హాస్యమో నిజమో ఆయనకు తెలియలేదు.

నా పక్క మంచం విశ్వంభరం గారిది. టోపీ చేతిలో పట్టుకున్నారు, నీళ్ళు మోకాళ్ళమీద కారుతున్నాయి.

"ఎలా ఉంటుంది?" అని నెమ్మదిగా అడిగారు.

దీని మీద నేను నాలుగువందల ప్రసంగాలు చేశాను.

"నాకూ తెలీదండీ," అన్నాను. "మొదటిసారి."

ఆయన తల ఊపి టోపీ పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. చన్నీళ్ళు నుదుటిమీదుగా చెవుల్లోకి దిగాయి. మొదటి ఒడ్డు మొదటి మాట పట్టుకుని ఉందామనుకున్నాను. మూడో మాట దగ్గర జారిపోయింది.

ఇల్లు. అందరూ చెప్పినట్టే ఉంది. ఎవరో చాలా కాలంగా ఉంటున్న ఇల్లు, గోడలకు చేతుల మాసిన గుర్తులు. ఎడమచేతికి స్విచ్చి తగిలింది. నొక్కితే పసుపు వెలుగు. మూడు మెట్లు, మధ్య మెట్టు అరిగి ఉంది. దిగాను. అందరికీ మూసి ఉండే తలుపు నాకు బార్లా తెరిచి ఉంది.

మెలకువ వచ్చేసరికి ముఖమంతా తడి. టోపీ నీళ్ళే అనుకున్నాను. పక్కన విశ్వంభరం గారు లేచి కూర్చుని ఉన్నారు, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"మీకూ తలుపు తెరిచి ఉందా?" అన్నారు.

ఉందన్నాను.

"లోపల పదకొండుమంది," అన్నారాయన. "నాకు వాళ్ళ పేర్లు తెలీవు. రేపు ఆ పుస్తకం చూసి పేర్లు నేర్చుకోవాలి." లేచారు. వాకిట్లో ఆగి కాలు చాపబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. అలా ఒకరినొకరు పట్టుకుని చదునైన నేల దాటాం.

రెండో విడత కూడా అయ్యాక ఇంటికి వచ్చాను. దారిలో గ్రంథం చెప్పుకుంటూ వచ్చాను. రెండో ఒడ్డులో ఒక చోట ఖాళీ. వెతికినా దొరకలేదు. ఇంకా చాలా ఉంది, కానీ ఖాళీ ఎక్కడుందో నాకు తెలుస్తోంది, పన్ను ఊడిన చోటు నాలుకకు తెలిసినట్టు.

పైడమ్మ గుమ్మంలో వలతో కూర్చుంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"సూసినావా?"

"సూసినాను."

"మెట్లు మూడేనా?"

"మూడే. నడుమది అరిగిపోనాది."

"అవును, అరిగినాది." కాసేపు వల వంక చూసింది. "వంటింటి తలుపు నాకెప్పుడూ తెరుసుకోనేదు. ఏడేళ్ళు తోసినాను. నీకు?"

"తెరిసే ఉన్నాది."

"లోపలెవులున్నారు?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఈ ఇంట్లో ఆ పని ఏడేళ్ళు జరిగింది, చాలు.

"నువ్వే. ఈపు కనిపించినాది. బియ్యం కడుగుతన్నావు. పారబోసి మళ్ళీ పోసి, మళ్ళీ కడుగుతన్నావు."

ఆమె చేతులు ఆగిపోయాయి. ఎండ గుమ్మం దాటి లోపలికి జరిగింది. నన్ను మరిచిపోయిందేమో, మళ్ళీ బావూ అంటుందేమోనని ముఖం వంక చూస్తున్నాను.

"పిలిసినావా?"

"పైడీ అని పిలిసినాను. మూడుసార్లు. తిరగనేదు."

"ఆ నీళ్ళ సప్పుడులో ఇనబడదు అన్నియ్యా," అంది. "రేపు దగ్గిరికెల్లి, బుజం మీద సెయ్యేసి పిలువు."